పిప్పే కదా అని పారేస్తున్నారా!

బషీర్‌బాగ్ చౌరస్తా. మిట్టమధ్యాహ్నం ఎండ. అటు నిజాం కాలేజీ, ఇటు ఎల్బీ స్టేడియం... ఎటునుంచి వచ్చినా చెరకు రసం బండి గజ్జెలు ఘల్లుమంటే అడుగు ముందుకు పడదు. గ్లాసు ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు బండి పక్కనున్న పిప్పి గుట్ట వైపు చూడనైనా చూడరు. కొబ్బరి బోండాల డిప్పలదీ, మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల తొక్కలదీ అదే గతి. అన్నీ చెత్తబండి ఎక్కాల్సిందే.

కానీ ఆ చెత్తకో గొప్ప గుణం ఉంది. నీళ్లలో కరిగిన సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి భారలోహాలను అది పట్టి ఉంచుతుంది!

బాగ్ అంటే తోట. 1887 నుంచి 1894 వరకు హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా ప్యాలెస్ ఇక్కడే ఉండేది. ఆయన బిరుదు బషీరుద్దౌలా. ఈ ప్రాంతానికి పేరు అలా వచ్చిందే. ఇప్పుడు ప్యాలెస్ లేదు, తోటా లేదు. లిబర్టీ దాటి కాస్త ముందుకెళితే ఎదురయ్యే హుస్సేన్‌సాగర్ మాత్రం ఉంది. 1562 నాటి ఆ చెరువులోకి బాలానగర్, జీడిమెట్ల వైపు పరిశ్రమల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా గుండా ఏళ్ల తరబడి వచ్చి చేరాయి. నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం వంటివి మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన అధ్యయనంలో తెలిపారు.

భారలోహాలతో చిక్కేమిటంటే అవి కుళ్లవు, ఆవిరి కావు. నీళ్లు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ సీసం అలాగే ఉంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాలను పాడుచేస్తుంది. అందుకే తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారత ప్రమాణం.

మరి పిప్పి ఏం చేస్తుంది? అందులో ఉండేది సెల్యులోజ్, లిగ్నిన్. పండ్ల తొక్కల్లో పెక్టిన్ కూడా ఉంటుంది. వీటికి కంటికి కనిపించని కొక్కేల్లాంటి రసాయన సమూహాలుంటాయి. అవి తమ దగ్గరున్న హైడ్రోజన్, కాల్షియం లాంటివాటిని వదిలి, నీళ్లలోని లోహాన్ని తగిలించుకుంటాయి. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట! తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే పనికి చింతకాయ పెంకులను ఎంచుకున్నారు. మామూలు పెంకులు, ఆమ్లంతో శుద్ధిచేసిన పెంకులు విషపూరితమైన క్రోమియంను ఎంతెంత పట్టుకుంటాయో పోల్చి చూసి, 2007లో ఫలితాలు ప్రచురించారు.

అలాగని గుప్పెడు పిప్పి తెచ్చి బిందెలో వేసుకోకూడదు. తీపి పోయేదాకా కడిగి, ఎండబెట్టి, పొడిచేయాలి. లేదంటే నీళ్లు రంగుమారి వాసనొస్తాయి. నీటి పులుపు తగిన పాళ్లలో ఉండాలి. ప్రయోగశాలలో ఒక్క లోహమే కలిపిన నీళ్లు వేరు, నూనెలూ రంగులూ అన్నీ కలిసిన నాలా నీళ్లు వేరు. కాబట్టి ఈ పొడికి సరైన చోటు వంటిల్లు కాదు, ఫ్యాక్టరీ గోడ లోపలే. మురుగు నాలాలో కలవకముందే దీని గుండా పోవాలి.

అసలు ప్రశ్న ఆ తర్వాతే. లోహం పట్టిన పొడిని ఏం చేయాలి? కాలిస్తే బూడిదలోకి, కుప్పపోస్తే వానతో మళ్లీ నేలలోకి వెళుతుంది. ఎరువుగా వేస్తే పంటలోకి చేరుతుంది. ఆమ్లంతో కడిగి లోహాన్ని తిరిగి రాబట్టుకోవాలి. లేదా ప్రమాదకర వ్యర్థాల కోసం దుండిగల్‌లో ఉన్నలాంటి కేంద్రానికి పంపాలి. ఆ ఖర్చు కూడా కలిపి చూస్తేనే పిప్పి ఎంత చవకో తేలుతుంది.

పిప్పికి విషాన్ని మాయం చేసే శక్తి లేదు. చెరువంతా పరుచుకోబోయేదాన్ని పోగుచేసి గుప్పిట్లో పెడుతుందంతే. ఆ గుప్పిటను ఎక్కడ విప్పాలన్నది మనుషులు తేల్చుకోవాల్సిన సంగతి.