మయామి యింటిలో ఇగ్వానా

2020వ సంవత్సరము జనవరి మాసమున నేను అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, మయామి పట్టణమునకు సమీపముననున్న మా చెల్లెలి కుమార్తె యింట మూడు వారము లుంటిని. అమెరికా యనగానే మంచు కురియు దేశమని తలచి, ఉన్నిబట్టలు మూటగట్టుకొని పోయిన నాకు అచ్చట కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు, ప్రహరీల వెంట మందారములు, కాగితపుపూల తీగెలు కనుపించినవి. ఇండ్ల వెనుక కాలువలు పారుచుండును. కోనసీమకు వచ్చితినా యని క్షణకాలము భ్రమపడితిని. కాని ఆ కాలువగట్లపై ఎండ కాగుచున్న జంతువులను చూడగానే ఆ భ్రమ తొలగిపోయినది.

ఉడుమంతటి దేహము, మెడనుండి తోకవరకు రంపపు పండ్లవంటి ముండ్ల వరుస, గడ్డము క్రింద వ్రేలాడు తోలుతిత్తి. వీనిని ఇగ్వానాలందురు. రూపము భయంకరమే కాని, ఇవి మన ఉడుమువలె మాంసాహారులు కావు. ఆకులు, పూవులు, పండ్లు తిని బ్రదుకును. మధ్య అమెరికా, దక్షిణ అమెరికాలలోని వెచ్చని అడవులు వీని పుట్టినిల్లు. ఫ్లారిడాలో వీనిని 1960 తరువాతి దశాబ్దమున మొదట చూచిరి. పెంపుడు జంతువులుగా వచ్చి తప్పించుకొన్నవియు, యజమానులు విసిగి విడిచిపెట్టినవియు వృద్ధిపొంది, గట్లలో బొరియలు త్రవ్వి గుడ్లు పెట్టుచు, కాలువల గోడలను కూల్చుచున్నవి. మనదేశమున పెరుగు గచ్చపొద ఆ సముద్రతీరమునను కలదు. మయామి నీలమను చిన్ని సీతాకోకచిలుక దానిపై గుడ్లు పెట్టును. ఆ చిగుళ్లను ఇగ్వానాలు మేయుటచే, అసలే అరుదైన ఆ సీతాకోకచిలుకకు ముప్పు హెచ్చినది.

నేను వానినట్లు వింతగా చూచుచుండగా మా అమ్మాయి, “బయటివే చూస్తున్నావు, మా యింట్లో ఒకటి ఉంది పెద్దమ్మా!” అన్నది.

వారి యింట కిటికీ ప్రక్క గది సగము ఆ జంతువునకే చెల్లినది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల యెత్తుగల గాజుగది. లోపల లావుపాటి కొమ్మలు, మెట్లవంటి బల్లలు, క్రింద నీళ్లతొట్టి. పైకొమ్మమీద, వెచ్చని దీపము క్రింద, తోకతో కలసి ఇంచుమించు ఐదడుగులున్న ఇగ్వానా రాజువలె శయనించియుండెను. దాని తలపై చిన్న పొలుసువంటి మూడవకన్ను కలదని మా మనుమడు చూపినాడు. అది రూపములను చూడలేదు; వెలుగునీడల మార్పును మాత్రము గ్రహించును. పైనుండి గద్ద నీడ పడినచో మేలుకొలుపుటకై ప్రకృతి యిచ్చిన కావలి యది.

2013లో ఆ బాలుని యెనిమిదవ పుట్టినరోజునకు తండ్రి దానిని కొని తెచ్చెనట. అప్పుడది ఏడంగుళముల పిల్ల. ఆకుపచ్చని బొమ్మవలె అరచేతిలో నిలిచెడిది. చిన్న గాజుపెట్టెలో నుంచి, ఎండ తగులునని కిటికీకడ పెట్టి, లేత సలాడు ఆకులు వేసిరి. ఏడాది తిరుగకుండగనే దాని దవడ వాచినది, కాళ్లు వణకజొచ్చినవి. వైద్యురాలు చూచి, ఎముకలు మెత్తబడినవని చెప్పినది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు సోకిననే ఈ జంతువు దేహమున డి విటమిను తగినంత పుట్టును. అది లేనిదే తిన్న కాల్షియము ఒంటబట్టదు. కిటికీ అద్దము వెలుతురును రానిచ్చును గాని ఆ కిరణములను అడ్డగించును. కడుపునకు కావలసినది దొరకక దేహము తన యెముకలనే కరగించుకొన్నది. చికిత్సచే ప్రాణము నిలిచినది కాని, ఎడమ ముంగాలు నేటికిని వంకరయే.

అప్పటినుండి ఆ పరిచర్య యంతయు మా అమ్మాయిపై పడినది. దీపము క్రింది కొమ్మకడ 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమి యుండవలెను. క్రిందిభాగము చల్లగా నుండవలెను. తన కిష్టమైనచోటికి ఎక్కుచు దిగుచు అది తన దేహమును తానే కాచుకొనును. ఆ కిరణముల నిచ్చు గొట్టపుదీపమును, అది వెలుగుచున్నను, తయారుచేసినవారు చెప్పిన గడువునకు మార్చవలెను. ఏలయన వెలుతురు మిగిలియుండగనే కిరణముల బలము తగ్గిపోవును. పూటపూటకు నీళ్లు చిలకరింపవలెను. తొట్టినీటిలోనే విసర్జించుట దాని యలవాటు గనుక దినదినము కడుగవలెను. ఆవాకులు, గుమ్మడికాయ, మందారపు ఆకులు, పూవులు తరిగి పెట్టవలెను. పాలకూర నిత్యము పెట్టరాదు. అందలి ఆమ్లము కాల్షియమును బంధించును. మాంసము, గ్రుడ్డు కూడదు. దాని ఒంటిపై సాల్మొనెల్లా యను సూక్ష్మక్రిమి యుండవచ్చును గనుక తాకినవెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. తొట్టిని వంటయింట కడుగరాదు. ఐదేండ్లలోపు బిడ్డలను దరిజేరనీయరాదు.

అది పోతు. జతకట్టు ఋతువున ఒళ్లు నారింజవన్నెకు తిరిగి, ఉగ్రమగును. ఆ యేట తోకతో కొట్టి మనుమని మోచేతిపై వాత తేల్చినది. ఒకరాత్రి అంట్లు తోముచు మా అమ్మాయి నాతో మెల్లగా అన్నది: “తెచ్చినది ఆయన, ముచ్చటపడినది వాడు, చాకిరి నాది. మూడేళ్లలో వాడు కాలేజీకి పోతాడు. వెనక కాలువలో వందలున్నాయి కదా, వాటిలో కలిపేస్తే తప్పా పెద్దమ్మా?” నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆమె చేతులు చూచిన పిమ్మట తప్పనుటకు నోరు రాలేదు.

జనవరి 21వ తేదీన, రాత్రి చలి మిక్కుటమగుననియు, చెట్లపైనుండి ఇగ్వానాలు రాలిపడవచ్చుననియు వాతావరణశాఖవారు ప్రకటించిరి. నేను పరిహాసమనుకొంటిని. మరునాటి యుదయమున ఉష్ణమానము 40 డిగ్రీలకు దిగినది. నా ఉన్నిబట్టలు ఆనాటికి పనికివచ్చినవి. మేము మువ్వురము కాలువగట్టున నడచితిమి. కొమ్మలపై నిద్రించిన జంతువులు చలికి కొయ్యబారి, పట్టుదప్పి, గడ్డిపై వెల్లకిల పడియుండెను. కొన్ని ఎండ యెక్కగానే కదలి పాకిపోయినవి. కొన్ని కదలలేదు. వానిని జాలిపడి ఇంటికి గొనిపోరాదని, వెచ్చబడినంతనే లేచి కరచునని ప్రకటనలు చెప్పుచుండెను.

మనుమడు ఒక చిన్నదానికడ నిలిచి, “అమ్మమ్మా, మనదానికి కాలు వంకర గదా, కొమ్మ ఎక్కడమే కష్టం” అన్నాడు. మా అమ్మాయి విన్నది, ఏమియు పలుకలేదు. ఇంటికి వచ్చి, గాజుగదిలోని ఉష్ణమాపకమును చూచి, మందారములు కోయుటకు దొడ్డిలోనికి పోయినది. ఆ సాయంత్రమే పనులు పంచినది: తొట్టి కడుగుట తండ్రికి, ఆకులు తరుగుట కొడుకునకు, దీపముల లెక్క తనకు.

2021 ఏప్రిల్ 29 నుండి ఆ రాష్ట్రమున ఇగ్వానాలను కొత్తగా పెంచుట నిషిద్ధమైనది. అదివరకే ఇంటనున్నవానికి చర్మము క్రింద గుర్తుబిళ్ల పెట్టించి, ఉచితముగ అనుమతి పొందినవారు అవి బ్రతికినంతకాలము ఉంచుకొనవచ్చును. మావారు గడువులోగా అనుమతి పొందిరి. 2023లో మనుమడు చదువునకై దూరము పోయినాడు. ఆకులు తరుగుపని మరల తల్లికే వచ్చినది. తొట్టిమాత్రము తండ్రియే కడుగుచున్నాడు.

సోదరీమణులారా, మన నగరములలోను ఇట్టి జీవులను ముచ్చటపడి కొనువారు గలరు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారము వీనిని పెంచువారు ప్రభుత్వమున నమోదు చేయించుకొనవలెను. చక్కగా పెంచిన ఇగ్వానా పదునైదేండ్లు, అంతకు మించియు బ్రతుకును. కొనుటకు పూర్వము దుకాణమున ధర యడుగుటతోబాటు, ఇంట నొక ప్రశ్న యడుగుడు: ఈ బిడ్డడు పెద్దవాడై వెళ్లిన పిమ్మట తొట్టి కడుగువారెవరు? దానికి ఇంటిల్లిపాదియు కూర్చుండి సమాధానము చెప్పిననాడే ఆ ఏడంగుళముల పిల్లను ఇంటికి తేవలెను.