ఎగరని రోజు పని

టైగర్ మాత్ అనే పాత విమానం గాలిలో నిలవడానికి గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగం చాలు. ఆ సంగతి తెలిసినవాడికి ఎయిర్ షో రోజున ఈదురుగాలి లేస్తే కాలు ఒకచోట నిలవదు. 40 కిలోమీటర్ల గాలి ఎదురు కొట్టిందంటే, ఇంకా కదలని విమానానికి ఎగరడానికి కావలసిన వేగంలో సగం పైగా అందిపోయినట్టే. ఖాళీ బరువు 500 కిలోలకు కాస్త ఎక్కువ. రెక్కలు చెక్కవి, వాటి మీద గుడ్డ. బ్రేకులు లేకుండానే దాన్ని తయారుచేశారు. అందుకే గాలి ఉన్న రోజున అది రన్‌వే వైపు కదులుతుంటే ఇటొకరు, అటొకరు కింది రెక్కల చివరలు పట్టుకుని పక్కనే నడుస్తారు. చూసేవాళ్లకి అదేదో మర్యాదలా కనిపిస్తుంది. నిజానికి చెయ్యి వదిలితే పక్కగాలికి విమానం మూతి తిరిగిపోతుంది, రెక్క లేస్తుంది.

వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా చేరినప్పుడు నాకు జెట్‌లే లోకం. సర్వీసు చివరి ఏళ్లలో వింటేజ్ విమానాల పని అప్పగించారు. టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా. మొదటి రెండూ శిక్షణ విమానాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన బేగంపేటలోనే టైగర్ మాత్‌ల మీద కుర్రవాళ్లకి తొలి పాఠాలు నేర్పేవారు. డకోటా కథ వేరు. దాని తోక మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ జవాన్లను శ్రీనగర్‌లో దించిన డకోటా నంబరు అది. ఆ జ్ఞాపకంగా దీనికీ అదే నంబరు పెట్టారు. పేరు పరశురామ. డకోటా పైలట్‌గా పనిచేసిన ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గారి కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని బాగుచేయించి దళానికి కానుకగా ఇచ్చారు. 2018 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో బయలుదేరి, ఆగుతూ ఆగుతూ 25న జామ్‌నగర్‌లో దిగింది. ఆ వయసులో అంత దూరం సొంత రెక్కల మీద వచ్చిన విమానమంటే నాకు ఇప్పటికీ గౌరవం.

అక్టోబరు 8 వైమానిక దళ దినోత్సవం. ఆ వేళకి ఢిల్లీ చుట్టుపక్కల రుతుపవనాలు వెనక్కి మళ్లాలి. కొన్నేళ్లు మళ్లవు. ఒక ఏడాది హిండన్ వైమానిక స్థావరంలో రిహార్సల్ ముందు రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి చినుకు ఆగింది కానీ మబ్బు బాగా కిందికి దిగింది. రన్‌వే అవతలి చెట్లు కనిపించడం లేదు.

మా పని చీకటితోనే మొదలవుతుంది. మొదట ఇంధనం. ప్రతి ట్యాంకు అడుగునుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి వెలుతురులో చూస్తాం. ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు చేరితే అడుగున రంగు లేకుండా విడిగా నిలుస్తాయి. చుక్క కనబడినా మళ్లీ వంపి, మళ్లీ పట్టాలి. తర్వాత రెక్కల అడుగున గుడ్డకి ఉన్న చిన్న రంధ్రాలు మూసుకుపోలేదు కదా అని వేలితో తడిమి చూడాలి. లోపల నీళ్లు నిలిస్తే చెక్క నానుతుంది. టైగర్ మాత్ ప్రొపెల్లర్ కూడా చెక్కదే. దాన్ని అడ్డంగా ఉంచి కప్పాలి. నిలువుగా వదిలేస్తే తేమంతా కింది బ్లేడులోకి దిగి రెండు వైపులా బరువు తేడా వస్తుంది, ఇంజన్ తిరిగినప్పుడు విమానమంతా వణుకుతుంది. ఇక వానలో ఎగిరితే, ఆ వేగంతో తిరిగే చెక్క అంచును చినుకులే కోసేస్తాయి.

హార్వర్డ్‌కి తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజన్, 600 హార్స్‌పవర్. సిలిండర్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి కాబట్టి, ఆపి ఉంచినప్పుడు ఆయిల్ మెల్లగా కింది సిలిండర్లలోకి జారుతుంది. ఆ స్థితిలో స్టార్టర్ నొక్కితే పిస్టన్‌కి ఆయిల్ అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు; వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి దాక్కుంటుంది, స్టార్ట్ చేశాక తిరిగి వస్తుంది. కింది ప్లగ్గులు విప్పి వంపడమే దారి. తడి రోజున దీనికి తోడు, ప్లగ్గులకి నిప్పురవ్వ పంపే మాగ్నెటోలు. వైర్లలో తేమ చేరితే నిప్పురవ్వ దారి తప్పుతుంది, సిలిండరు ఒకటీ అరా కొట్టడం మానేస్తుంది. డకోటా రెండు ఇంజన్లకీ కలిపి 56 ప్లగ్గులు. ఒక్కొక్కటే విప్పి తుడిచి పెట్టేసరికి పొద్దెక్కుతుంది.

వాన కంటే నాకు ఎక్కువ భయం తేమది. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లబడినట్టు. గాలిలో తేమ ఉంటే, బయట 20 డిగ్రీలున్నా లోపల మంచు కట్టి గొట్టాన్ని మూసేస్తుంది. ఆకాశంలో మంచు జాడే ఉండదు, ఇంజన్ మాత్రం చల్లగా ఆగిపోతుంది. జెట్‌ల మీద పెరిగిన కుర్రవాళ్లకి ఈ మాట నమ్మించడానికే నాకు కొంతకాలం పట్టింది.

ఆ ఉదయం ఎగరడం లేదని తేలింది. మా దగ్గర వాతావరణ విభాగం, పైలట్, ఫిట్టర్లలో ఎవరు కాదన్నా ఆ రోజుకి కాదనే. బయటికి చూసి నడిపే విమానాలివి. నేల కనబడకపోతే టైగర్ మాత్ పైలట్‌కి దారి లేదు. డకోటా అద్దాల అంచుల్లోంచి వాన లోపలికి కారుతుంది, పూర్వం పైలట్లు ఒళ్లో గోనెగుడ్డో రెయిన్‌కోటో పరుచుకుని నడిపేవారు.

అప్పుడు శ్రీకాకుళం కుర్రాడొకడు, కొత్తగా వచ్చిన కార్పొరల్, నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఎగరకపోయినా ఒకసారి స్టార్ట్ చేసి చూపిద్దామా? జనం పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు."

"వద్దు బాబూ," అన్నాను. చల్లారిన ఇంజన్‌ని స్టార్ట్ చేసినప్పుడే దానికి అరుగుదల ఎక్కువ. ఆయిల్ 40 డిగ్రీలకి చేరేదాకా మెల్లగా తిప్పాలి, అంతసేపు మెల్లగా తిప్పితే ప్లగ్గులకి మసి పడుతుంది. నీళ్లు నిలిచిన నేల మీద ప్రొపెల్లర్ తిరిగితే ఆ నీళ్లన్నీ పైకి లాగుతుంది. బదులుగా ఇంజన్ మూత (కౌలింగ్) తెరిచి సిలిండర్లు చూపించమన్నాను. వాడు చక్కగా చెప్పాడు, హిందీలో కొంత, తెలుగులో కొంత. ఒక పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. "యుద్ధంలో ఇవి తుపానులో కూడా ఎగిరాయి కదా, ఇప్పుడు నాలుగు చినుకులకి ఆపేస్తారా?" అన్నాడు.

ఆయన మాట నిజమే. ఎగిరాయి, చాలా పోయాయి కూడా. అప్పుడు ఒకటి కూలితే వెనక ఫ్యాక్టరీ ఉంది. టైగర్ మాత్‌లు 8 వేలకు పైగా తయారయ్యాయి, సైనిక డకోటాలు అమెరికాలోనే దాదాపు 10 వేలు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఒక్కొక్కటి. లోపలి పైలట్‌కి మారు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. పాత విమానాన్ని వాన రోజున ఆపడం చేతకానితనం కాదు. అది మా పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం, ఎందుకంటే చేతులూ మనసూ రెండూ ఎగరేయమనే అంటాయి.

ఈసారి ఎయిర్ షోకి వెళ్లినప్పుడు వాతావరణం బాగాలేక పాత విమానాలు ఎగరడం లేదని మైకులో చెబితే వెంటనే ఇంటిదారి పట్టకండి. అవి నిలబెట్టిన చోటికి వెళ్లండి. ఇంజనీరింగు చదివే పిల్లలుంటే వెంట తీసుకెళ్లి, అక్కడున్న ఫిట్టర్‌ని ఆ ఇంజన్ ఎలా తిరుగుతుందో అడగమనండి. రేడియల్ ఇంజన్ మీద చెయ్యి పెట్టి పనిచేసిన మాలాంటి వాళ్లం చాలామంది రిటైరైపోయాం. నేర్చుకునేవాళ్లు కావాలి.