సబ్ గారి పెత్తనం

హైదరాబాద్ ఉప్పల్‌లో ఫ్లాటు కొన్నవాళ్లలో రిజిస్ట్రార్ మొహం చూసినవాళ్లు అరుదు. అందరికీ తెలిసింది సబ్‌రిజిస్ట్రారే. డాక్యుమెంట్ రైటర్ దగ్గర లింకు కాగితాలు సర్దించుకుని, లోపల వేలిముద్ర వేసి, కెమెరా ముందు బిక్కమొహంతో ఫొటో దిగి, సాక్షుల చేత సంతకాలు పెట్టించేదాకా ఇల్లు మనది కాదు. కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోను. గొడవైతే సబ్ ఇన్‌స్పెక్టర్. ఆయన్ని ఎస్సై చేసేసి అందులోని ‘సబ్’ని మింగేశాం. లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద. మన పనులన్నీ తెమిలేది ఆ కిందే.

దాని సంతతి యూరప్ అంతా ఉంది. ఫ్రెంచివాళ్ల ‘సూ’, ఇటాలియన్ల ‘సొత్తొ’ దాని వంశమే. సముద్రం దాటి అర్జెంటీనా వెళ్తే, బ్యూనస్ ఎయిరిస్‌లో 1913లో మొదలైన భూగర్భ రైలుకు ముద్దుపేరు ‘సుబ్తె’. 2017 నవంబరులో ఉప్పల్‌కి వచ్చిన మెట్రో నెత్తిమీదుగా పోతుంది కాబట్టి మనకా పేరు అతకదు.

సంస్కృతంలోని ‘ఉప’, ఈ ‘సబ్’ ఒకే మూలం నుంచి వచ్చాయంటారు భాషావేత్తలు. ఉపపురాణం లాంటి చోట్ల కాస్త చిన్నచూపు ఉన్నా, ‘ఉప’కు ఇష్టమైన అర్థం దగ్గర. ఉపనయనం, ఉపవాసం, ఉపనిషత్తు అన్నిట్లోనూ చేరువే. లాటిన్ ‘సబ్’కీ ఆ గుణం లేకపోలేదు. ‘ఉర్బ్స్’ అంటే నగరం. దాని పక్కనున్నది సబర్బ్. ఇంగ్లిషులో ఆ మాట వింటే పచ్చిక, కారుషెడ్డు ఉన్న ఇల్లు గుర్తొస్తుంది. స్పానిష్‌లో అదే ‘సుబుర్బియో’ అయి, ఎక్కువగా ఊరి అంచున పేదల బస్తీని తలపిస్తుంది. ఉప్పల్ పక్కనే ఉన్న నాచారం పారిశ్రామికవాడలో ఈ రెండూ ఒకే గోడకు అటూ ఇటూ కనిపిస్తాయి: ఇటు గేటెడ్ అపార్ట్‌మెంటు, అటు రేకుల షెడ్డు, షిఫ్టు దిగి టీబండి దగ్గర నిలబడ్డ కూలీలు.

మనం రాతలో ఉపనగరం అంటాం, నోటితో శివారు అంటాం. పూర్తి పేరు ఉప్పల్ కలాన్ అయిన మా ఉప్పల్‌కి మాత్రం రెండూ చిన్నతనమే. ‘కలాన్’ అంటే పారసీలో పెద్ద. ఆ భాషలో విశేషణం పేరు వెనకాల వస్తుంది. ఆ పెద్దరికంతోనే సొంత మున్సిపాలిటీగా బతికి, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. ఇప్పుడు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నిలబడి శివారెక్కడని అడిగితే, పీర్జాదిగూడ కూడా దాటించి ఘట్‌కేసర్ వైపు చెయ్యి చూపిస్తారు.