వంటయింటి నమ్మకములు

మా నాయనమ్మ వంటయిల్లు ఒక చిన్న రాజ్యము. ఆ రాజ్యమున శాసనములు అనేకములు. పప్పు మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెను. పప్పు ఉడుకుచుండగా ఉప్పు వేయరాదు. కళాయి లేని యిత్తడి గిన్నెలో పులుసు కాచరాదు. చేపలకూర తిన్న పూట పాలు త్రాగరాదు. వీనిలో దేనికిని ఆమె కారణము చెప్పెడిది కాదు. "ఎందుకు నాయనమ్మా?" అని అడిగినచో, "మా అత్తగారు నాకు చెప్పినది. ఆమెకు వారి అత్తగారు చెప్పినది. నీవు మాటలాడక అన్నము తినుము" అని కసరెడిది.

నేను పెద్దవాడనై, తెలుగు పండిత శిక్షణ ముగించుకొని ఉపాధ్యాయుడనైతిని. చదువుకొన్నవాడనను గర్వము నాకు కొంత కలిగెను. అవి యన్నియు మూఢనమ్మకములని నాయనమ్మను ఎగతాళి చేసెడివాడను. నేడు ఉద్యోగవిరమణ చేసి తీరికగా వెనుదిరిగి చూచుకొనగా, ఆ యెగతాళిలో సగము నాకే చెందవలసి యుండెనని తెలియుచున్నది.

మా యూరిలో రెండు బావు లుండెడివి. మా యింటికి దగ్గరగా నున్న దానిని ఉప్పుబావి యనియు, చెరువుగట్టు క్రింద నున్న దానిని మంచినీళ్ల బావి యనియు పిలిచెడివారు. ఉప్పుబావి ఇంటి ముందే యున్నను, పప్పు వండుటకు నాయనమ్మ చెరువుగట్టు బావినుండియే నీళ్లు తెప్పించెడిది. బిందె మోయు పని నాకు పడెడిది. ఒకనాడు బద్ధకించి, ఆమె చూడకుండ ఉప్పుబావి నీళ్లనే తెచ్చి ఇచ్చితిని. మధ్యాహ్నము దాటినను పప్పు పలుకుగనే యుండెను. పొలమునుండి ఆకలితో వచ్చిన తాతగారు మజ్జిగన్నము తిని మరల పొలమునకు పోయిరి. నాయనమ్మ బిందెలోని నీటిని పుడిసిట పట్టి రుచి చూచి, నా ముఖము వంక చూచెను. ఒక్క మాటయు అనలేదు. ఆమె ఏమియు అనకుండుటయే నాకు పెద్ద శిక్ష యయ్యెను.

చాలకాలము తరువాత, నేను పనిచేయుచున్న పాఠశాలలోని సామాన్యశాస్త్ర ఉపాధ్యాయునితో ఈ ముచ్చట చెప్పితిని. ఆయన నవ్వి, "నమ్మనూ వద్దు, నవ్వనూ వద్దు. పరీక్షించి చూతము" అనిరి. ఒక సెలవునాడు మేము నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చి, ఒక్కొక్క దానిలో 100 గ్రాముల కందిపప్పు పోసితిమి. మొదటిదానిలో మంచినీళ్లు మాత్రమే పోసితిమి. రెండవదానిలో మంచినీళ్లతో పాటు చెంచాడు ఉప్పు వేసితిమి. మూడవదానిలో మంచినీళ్లతో పాటు చిక్కని చింతపండు పులుసు కలిపితిమి. నాలుగవదానిలో సబ్బు నురుగు రాని బోరునీళ్లు పోసితిమి. అన్నిటికి మంటను సమానముగా పెట్టితిమి. మొదటి రెండు గిన్నెలలోని పప్పు ఇంచుమించు ఒకే సమయమునకు మెత్తబడెను. బోరునీళ్లలోని పప్పు మిక్కిలి ఆలస్యముగా ఉడికెను. పులుసులోని పప్పు కడవరకు పలుకుగనే నిలిచెను.

దీనికి కారణమును ఆయన ఇట్లు వివరించిరి. పప్పుగింజలోని కణములను ఒకదానితో నొకటి అంటిపెట్టుకొని యుండునట్లు చేయు పదార్థమునకు పెక్టిన్ అని పేరు. వేడినీటిలో అది కరగినప్పుడే పప్పు మెత్తబడును. కఠినజలములోని కాల్షియము, మెగ్నీషియము పెక్టినును బిగియజేయును. పులుపు దానిని త్వరగా కరగనీయదు. మనము వాడు ఉప్పులోని సోడియము మాత్రము అట్లు బిగింపదు. కావున నీటి విషయమునను, చింతపండు విషయమునను నాయనమ్మ మాట సత్యము. ఉప్పు విషయమున అసత్యము. మా యూరివారు కఠినజలమును 'ఉప్పునీళ్లు' అనెడివారు గదా! ఉప్పునీళ్లలో పప్పు ఉడకదను సత్యమునుండియే, ఉప్పు వేసిన పప్పు ఉడకదను అపోహ పుట్టియుండునని నా యూహ.

కళాయి మాటయు సత్యమే. ఇత్తడి యనగా రాగి, జింకు కలిసిన లోహము. పులుపు తగిలినచో రాగి కొంచెము కొంచెముగా వంటకములో కలియును. అట్టి వంటకము తిన్నవారికి కడుపులో త్రిప్పి వాంతులగును. అందులకే ఏడాదికొకసారి కళాయివాడు మా వీధికి వచ్చి, గుంటలో బొగ్గులు రాజేసి, తిత్తితో గాలి యూది, కాలిన గిన్నెలో నవాసాగరము చల్లి, తగరమును కరగించి గుడ్డతో లోపలంతయు పూసెడివాడు. గిన్నె వెండివలె మెరసెడిది. ఆ మెరుపు అందము కొరకని నే ననుకొంటిని. అది మా ప్రాణరక్షణ కొరకని నాయనమ్మకు తెలియును.

ఇక నాయనమ్మ కాలముది కాని మరియొక నమ్మకమును గూర్చి చెప్పెదను. ఒక కార్తికమాసమున మేము విద్యార్థులతో వనభోజనమునకు పోయితిమి. సాంబారులో ఉప్పు రెండుమారులు పడినది. "బంగాళాదుంపలు వేయుడు, ఉప్పునంతయు అవియే పీల్చుకొనును" అని వంటవాడు ధైర్యము చెప్పెను. దుంపలు వేసి ఉడికించితిమి. దుంపలు ఉప్పన యయ్యెను; సాంబారును ఉప్పనగనే యుండెను. అప్పుడు గణితోపాధ్యాయుడు విద్యార్థుల నొక ప్రశ్న యడిగిరి: "లీటరు నీటిలో 20 గ్రాముల ఉప్పు కరగియున్నది. దానినుండి పావులీటరు తీసివేసినచో, మిగిలిన నీటి ఉప్పదనము తగ్గునా?" ఎనిమిదవ తరగతి బాలుడొకడు వెంటనే, "తగ్గదండి! తీసిన నీటితో పాటు దానిలోని ఉప్పును పోవును గదా!" అనెను. దుంప ఉప్పును మాత్రమే ఏరి తీసికొనదు, ఉప్పునీటిని పీల్చుకొనును. తుదకు మరికొన్ని నీళ్లును, ఉడికిన పప్పును కలిపిన తరువాతనే ఆ సాంబారు నోటికి పట్టెను.

మూఢనమ్మకములు చదువురానివారికే యుండునని తలపవలదు. చదువుకొన్న నాకును ఒకటి యుండెను. కాచినచో క్రిములన్నియు చచ్చును గావున, ఎంత నిలువయున్న అన్నమైనను మరల వేడిచేసి తినవచ్చునని నేను దృఢముగా నమ్మితిని. ఒక వేసవిలో రాత్రి వండిన అన్నము మరునాటి మధ్యాహ్నము వరకు గిన్నెలోనే యుండెను. "పారవేయుదమండి" అని నా భార్య యనగా, "బాగుగా వేడిచేసి పోపు పెట్టుము, చాలును" అని నేను శాస్త్రము చెప్పితిని. సాయంకాలమునకు మా పిల్లలిద్దరును వాంతులతో సొమ్మసిల్లిరి. వైద్యుడు చెప్పగా తెలిసినది. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క బీజములు అన్నము వండినను చావవు. గంటల తరబడి అన్నము బయట నున్నప్పుడు అవి మొలచి పెరిగి యొక విషమును పుట్టించును. మరల వేడిచేసిన క్రిమి చావవచ్చును గాని, ఆ విషము నశింపదు. రెండు దినములలో పిల్లలు కోలుకొనిరి. నా గర్వము మాత్రము మరల కోలుకొనలేదు.

ఇంతవరకు చెప్పినవి పప్పునకు, ఉప్పునకు, ఒక పూట అనారోగ్యమునకు సంబంధించినవి. కాని కొన్ని నమ్మకములు మనుష్యుల మనస్సులను గాయపరచును. చేపలు తిని పాలు త్రాగినచో బొల్లి వచ్చునను మాట అట్టిది. దానిని నేను చిన్ననాటినుండి పాటించితిని, ఎన్నడును ప్రశ్నింపలేదు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె చేతులపైనను, పెదవులపైనను తెల్లని మచ్చలు కనబడెను. మధ్యాహ్నభోజన సమయమున తోటి బాలికలు ఆమె ప్రక్కనుండి ఒక్కరొక్కరే లేచి దూరముగా కూర్చుండసాగిరి. ఒక తల్లి నా గదికి వచ్చి, ఆ పిల్లకు పళ్లెము వేరుగా పెట్టింపుడని యడిగెను. కొన్ని దినములకు ఆ బాలిక బడికి వచ్చుట మానివేసెను.

నేను ముందుగా ప్రభుత్వ వైద్యశాలలోని చర్మవ్యాధుల వైద్యునికడకు పోయి యడిగితిని. ఆయన, "మన చర్మమునకు రంగు నిచ్చు కణములు కొన్ని గలవు. మన దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి ఆ కణములను నశింపజేయును. అట్టి చోట తెల్లని మచ్చ ఏర్పడును. ఇది అంటువ్యాధి కాదు. చేపలకును, పాలకును దీనితో సంబంధము లేదు. చికిత్సయు గలదు" అని చెప్పిరి. వంగదేశమువారు చేపలను పెరుగుతో వండుకొందురు. ఐరోపాలో చేపలను పాలలో ఉడికించి తినువారు గలరు. ఆ నమ్మకమే నిజమైనచో ఆ ప్రాంతముల వారందరికిని బొల్లి రావలసి యుండును గదా! ఇంత సులభమైన విషయము నాకు అరువది యేండ్ల వయస్సు సమీపించువరకు తోచలేదు.

ఆ సాయంకాలము నేను ఆ బాలిక యింటికి పోయితిని. తల్లి గుమ్మము కడ నిలిచి కన్నీరు పెట్టుకొనుచు, "సారూ, తప్పు నాదే. ఒకనాడు చేపలకూర తిన్న రాత్రి ఆకలియని ఏడ్చినచో పాలు త్రాగించితిని. నా చేతులతో నేనే నా బిడ్డను చెరిపితిని" అనెను. ఆమె మాటలు విన్నప్పుడు, ఒక్క అసత్యము ఒక తల్లి గుండెపై ఎంత బరువు మోపగలదో నాకు తెలిసినది. ఆమె చేసిన తప్పేమియు లేదని వైద్యుడు చెప్పిన మాటలను రెండు మూడు మారులు చెప్పితిని. ఆమె చాలసేపు నమ్మలేదు. పిమ్మట, "నిజమేనా సారూ?" అని మెల్లగా అడిగెను.

బాలిక మరల బడికి వచ్చెను. ఆ దినము నేనును పళ్లెము తీసికొని పోయి ఆమె ప్రక్కనే కూర్చుండి భోజనము చేసితిని. కొంతసేపటికి ఇద్దరు బాలికలు మా దగ్గరకు జరిగిరి. మరికొందరు జరుగలేదు. వారిని నేను బలవంతపెట్టలేదు. మరునాటి ప్రార్థనా సమావేశమున వైద్యుడు చెప్పినదంతయు అందరికిని వివరించితిని. ఆ సంవత్సరము ముగియులోపల ఆ వరుసలో ఖాళీ స్థలము లేకుండ పోయెను.

బాలబాలికలారా! 1976లో మన రాజ్యాంగమున ప్రాథమిక విధులు చేర్చబడినవి. శాస్త్రీయ దృక్పథమును, విచారణబుద్ధిని పెంపొందించుకొనుట వానిలో నొకటి. ఆ విధిని నెరవేర్చుటకు గొప్ప ప్రయోగశాలలు అక్కరలేదు. మీ యింటి వంటగది చాలును. పెద్దలు చెప్పినదని గొర్రెదాటుగా నమ్మకుడు. పెద్దలు చెప్పినదని త్రోసివేయకుడు. పరీక్షింప వీలైనదానిని, పెద్దలను తోడుంచుకొని, పరీక్షించి చూడుడు. వీలుకానిదానిని తెలిసినవారి నడుగుడు. ఒక నమ్మకము సాటిమనిషిని మీ ప్రక్కనుండి లేపివేయునదైనచో, దానిని ఇంకొకరికి చెప్పుటకు ముందే అడిగి తెలిసికొనుడు.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉండినచో ఆమెకు రెండు మాటలు చెప్పియుందును. "నాయనమ్మా, నీళ్ల విషయమున నీవే గెలిచితివి" అనునది మొదటిది. "ఇక చేపలు తిన్న పూట పాలు త్రాగవచ్చును" అనునది రెండవది.