డాబా మీద రెండు స్లీపింగ్ బ్యాగులు

పోస్టు కొంచెం పెద్దదే. మీ హాస్టల్ నుంచి ఎవరైనా కొండలెక్కే కోర్సులకి, ట్రెక్కులకి వెళ్తుంటే మాత్రం ఆఖరిదాకా చదవండి. ఆఖర్లో మాకొక పని కూడా ఉంది మీతో.

మేము ముగ్గురం. ఇద్దరం చింతూరు వైపు కోయోళ్లం, ఒకడు పాడేరు వైపు నుంచి. ఇబ్రహీంపట్నంలో డాబా మీద రేకుల గదిలో అద్దెకుంటున్నాం. ఎవరెస్టుకి ఎంపికైన మన హాస్టల్ పిల్లలకి మొదటి శిక్షణ ఇచ్చిన కేతనకొండ ఈ మండలంలోదే. 2014 మే 25న పాకాల ఊరి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి శిఖరం ఎక్కినప్పుడు ఆమెకి 14 ఏళ్లు కూడా నిండలేదు. మేమప్పుడు చిన్నపిల్లలం. ఆ ఫొటో పేపర్లో చూసిన దగ్గర్నుంచీ పట్టుకుంది మాకీ పిచ్చి.

మే నెలలో హిమాలయాల్లో ట్రెక్ చేసొచ్చాం. పడుకున్న బ్యాగులు మావి కావు, ఒక సీనియర్ అక్కవి. అద్దె తీసుకోలేదు. "ఉతికి, బాగా ఆరబెట్టి ఇవ్వండ్రా. జూలైలో ఇద్దరు చెల్లెళ్లు లడఖ్ వెళ్తున్నారు, వాళ్లకివ్వాలి" అంది. అంతే.

లోపల ఉండేది దూది కాదు, డౌన్. బాతు రొమ్ము దగ్గర, పై ఈకల కింద ఉండే నూగు. అది పొంగి గాలిని పట్టుకుంటేనే వెచ్చదనం. చెమట, జిడ్డు పట్టి ఉండకడితే అంత ఖరీదు బ్యాగూ ఉత్త గుడ్డసంచే. బట్టల సబ్బు పౌడర్ వేస్తే ఆ నూగుకి సహజంగా ఉండే నూనె పోతుంది. కంఫర్ట్ లాంటివీ, బ్లీచింగూ అసలే వద్దు. మావాడు కుంకుడుకాయ రసం పెడదామన్నాడు. మన గిరిజన కార్పొరేషన్ కొనే సరుకే కదా అని వాడి వాదన. అక్కకి ఫోన్ చేస్తే "నీ తల మీద చేసుకో ప్రయోగం, నా బ్యాగు మీద కాదు" అని, డౌన్ కోసమే చేసిన లిక్విడ్ సబ్బు సగం సీసా పంపింది.

ఓనర్ ఆంటీ మంచిది, తన వాషింగ్ మెషీన్ వాడుకోమంది. పైన మూత తెరిచే రకం, మధ్యలో తిరిగే కడ్డీ ఉంది. ఆ కడ్డీకి చుట్టుకుంటే లోపలి గడులు చిరిగిపోతాయి. వద్దన్నాం. సిమెంటు తొట్టి శుభ్రంగా కడిగి, గోరువెచ్చని నీళ్లు పోసి, బ్యాగు తిరగేసి నానబెట్టి, చేతులతో అదుముతూ ఉతికాం. నీళ్లు టీ రంగులోకి వచ్చాయి. వాసనేమో కోతలయ్యాక చేలల్లో బాతుల మందని దించినప్పుడు వస్తుందే, అచ్చం అదే. నురగ పోయేదాకా ఆరుసార్లు నీళ్లు మార్చాం. ఆ ఆరోసారి తర్వాతే తప్పు చేశాం.

తడిసిన బ్యాగు ఎంత బరువుంటుందో మాకు అంచనా లేదు. తలవైపు పట్టుకుని ఒక్కసారిగా పైకి లేపాం. లోపల ఎక్కడో దారం తెగిన చప్పుడు. పైగుడ్డ బాగానే ఉంది, లోపలి అడ్డుగోడ చిరిగింది. తడిలో ఏమీ తెలియలేదు. రెండోదాన్ని మాత్రం కింద నుంచి రెండేసి చేతులు పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు ముగ్గురం ఎత్తాం. పిండలేదు, నొక్కి నీళ్లు కార్చాం. మొదటిది కూడా అలాగే ఎత్తాల్సింది.

ఇక ఆరబెట్టడం. ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, థర్మల్ పవర్ స్టేషన్ పక్కన డాబా మీద తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి బూడిద. పైగా జూన్ రెండో వారం, ఉక్కపోత, మధ్యాహ్నం మబ్బు. నేరుగా ఎండ కూడా నైలాన్ గుడ్డకి మంచిది కాదు. నులకమంచం మీద పరిచి, పైన పాత నూలు చీర పందిరిలా కట్టాం. గంటగంటకీ తిరగేయడం, ఉండల్ని వేళ్లతో విడదీయడం. చినుకు పడితే గదిలోకి పరుగు, రాత్రంతా ఫ్యాను కింద. మేం కింద నేల మీద, మంచం మీద బ్యాగులు.

మూడో రోజుకి పైగుడ్డ పొడిగా ఉంది, అయిపోయిందనుకున్నాం. లైటుకి అడ్డంగా పట్టి చూస్తే నల్లగా ఉండలు. అంటే లోపల తడే. అలాగే చుట్టి ఇచ్చేసి ఉంటే బూజు పట్టేది. బెజవాడలో ఒక లాండ్రీ అన్నని బతిమాలి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద, గల్లీ క్రికెట్‌కి కొనే టెన్నిస్ బంతులు మూడు కడిగి లోపల వేసి తిప్పించాం. ఆ బంతులు కొడుతుంటే ఉండలు విడిపోయాయి. మధ్యమధ్యలో ఆపి చూస్తూ దాదాపు మూడు గంటలు పట్టింది. బయటికి తీస్తే రొట్టెలా పొంగి ఉన్నాయి.

అప్పుడు కనిపించింది మొదటి బ్యాగులో లోపం. ఛాతీ దగ్గర రెండు గడులు కలిసిపోయి, నూగంతా పక్కకి జారి, అరచేయంత చోటు ఖాళీ. పట్టుకుంటే రెండు గుడ్డలే తగులుతున్నాయి.

చెప్పకుండా ఇచ్చేద్దామా అని ఒక పూట ఆలోచించాం, అబద్ధమెందుకు. లడఖ్‌లో ఆ ఖాళీ దగ్గర చలి తగిలేది మాకు కాదు, ఆ చెల్లికి. సాయంత్రం ఫోన్ చేసి చెప్పేశాం. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎత్తేటప్పుడే పోయిందా? నాది మొదటిది కూడా అలాగే పోయింది" అంది. బాగున్నది ఒక చెల్లికిస్తుంది. చిరిగింది లడఖ్‌కి పనికిరాదు, మారేడుమిల్లి చలికైతే చాలు, మమ్మల్నే ఉంచుకోమంది. ఇప్పుడది నొక్కి కట్టకుండా, పెద్ద నూలు సంచిలో వదులుగా వేసి గోడకి వేలాడదీశాం.

ఇంకో చెల్లికి బ్యాగు లేదు. మీలో ఎవరి దగ్గరైనా చలికి ఆగే డౌన్ బ్యాగు ఖాళీగా ఉంటే జూన్ 30 లోపు కామెంట్‌లో చెప్పండి. మురికిగా ఉన్నా పర్లేదు. మేము వచ్చి తీసుకెళ్తాం, ఉతికి ఇస్తాం. ఈసారి కింద నుంచే ఎత్తుతాం.