లొట్టి దిగే పొద్దున

శనివారం తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఆ కారులో నలుగురున్నారు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకాయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు, మూడో మిత్రుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగోవాడు ఈ కథనం రాస్తున్న నేను. సాఫ్ట్‌వేర్ మిత్రుడికి ఏ ఊరు వెళ్లినా అక్కడి మైక్రోబ్రూవరీలో ఒక పూట గడపడం అలవాటు. బెంగళూరు, పుణె, గోవా అయిపోయాయి. ఈసారి వెళ్లేది బాన్సువాడ అనగానే ఫోన్‌లో వెతికాడు. ఏమీ దొరకలేదు.

"మా దిక్కు బ్రూవరీ చెట్టు మీదుంటది. పొద్దున జల్ది పోవాలె. ఎండెక్కితే రుచి మారుతది," అన్నాడు బ్యాంకు మిత్రుడు. ఆయన పుట్టింది బాన్సువాడ పక్క పల్లెలోనే. స్టీరింగ్ కెమిస్ట్రీ మాస్టారి చేతికిచ్చారు. ఆయన చుక్క ముట్టడు.

నర్సాపూర్ అడవి దాటి, మెదక్, ఎల్లారెడ్డి మీదుగా సాగే 765డి జాతీయ రహదారి ఇది. మెదక్‌లో చర్చి శిఖరం చాలా దూరం నుంచే కనిపిస్తుంది, ఎత్తు 175 అడుగులు. 1914లో మొదలై పదేళ్లు సాగిన ఈ నిర్మాణం కరువులో ఆకలితో ఉన్న జనానికి పనీ, తిండీ ఇచ్చిందని చెప్పుకుంటారు. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి తలుపులు 1924 డిసెంబర్ 25న తెరుచుకున్నాయి. ఇంకొంత దూరం పోతే మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1922లో పూర్తయిన పోచారం జలాశయం. ఎల్లారెడ్డి దాటాక నేల రంగు మారుతుంది. జనవరి నెల, యాసంగి నాట్ల కాలం. దుక్కి చేసిన మళ్లలో నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి, వాటి చుట్టూ కొంగలు. ఆ నీళ్లు నిజాంసాగర్ కాలువవి.

అందుకే బాన్సువాడకు ముందు నిజాంసాగర్ కట్ట చూడాలని బ్యాంకు మిత్రుడు కారు మళ్లించమన్నాడు.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటకను తాకి తెలంగాణలోకి వచ్చి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారిలో అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ల మధ్య దానికి అడ్డుగా కట్టిందే నిజాంసాగర్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్ట పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. దాని మీద పద్నాలుగు అడుగుల వెడల్పున దారి. రాయి మీద రాయి పేర్చిన తీరు చూస్తే ఇది ప్రాజెక్టు కంటే ముందు కోట అనిపిస్తుంది. జలాశయం కోసం నలభై ఊళ్లను ఖాళీ చేయించారు.

దీన్ని కట్టిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుతున్నారు. నిజామాబాద్ దగ్గరున్న అలీసాగర్‌కు ఆయన పేరే పెట్టారు. అదీ ఈ కాలువ వ్యవస్థలో భాగమే. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క వేసి తవ్విన ఈ కాలువకు తొంభై ఏళ్లు దాటాయి. ఈలోగా పూడిక జలాశయాన్ని తినేసింది, ఎగువన సింగూరు ప్రాజెక్టు లేచింది. ఇప్పుడు పూర్తి మట్టం 1,405 అడుగులు, నిల్వ 17.8 టీఎంసీలు. అలుగు గేట్ల దగ్గర నీటి గాలి మొహానికి కొడుతుంటే సాఫ్ట్‌వేర్ మిత్రుడు వంద ఫొటోలు తీశాడు. కెమిస్ట్రీ మాస్టారు మాత్రం కట్ట దిగువన, రాళ్ల సందున, ఎవరూ నాటకుండానే లేచిన ఈత మొక్కల్ని చూపించాడు.

ఆ నీళ్లు ఈ ప్రాంతానికి మనుషుల్ని కూడా తెచ్చాయి. కాలువ పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బీర్కూర్ వైపు భూములు కొన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లు ఊళ్లయ్యాయి. వాటి పేర్ల చివర "క్యాంపు" అన్న మాట ఇప్పటికీ ఉంది. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం వెలిసింది. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక సరిహద్దులు దగ్గర. శనివారం సాయంత్రం బాన్సువాడ బస్టాండ్ ముందు చాయ్ తాగినంత సేపట్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగూ చెవిన పడ్డాయి. 2016 అక్టోబర్ దాకా ఇది నిజామాబాద్ జిల్లా, తర్వాత కామారెడ్డి జిల్లా. కానీ "జిల్లా" అంటే పెద్దవాళ్లకు ఇంకా నిజామాబాదే. రాత్రి భోజనంలో జొన్న రొట్టె, కొర్రమట్ట పులుసు, మెంతికూర. బిల్లు కట్టాక సాఫ్ట్‌వేర్ మిత్రుడు మళ్లీ అడిగాడు, "మరి బ్రూవరీ?"

"పొద్దున."

ఆదివారం ఆరు గంటలకు మంచు ఇంకా పొలాల మీద నుంచి లేవలేదు. కాలువ గట్టు పక్కన పది పదిహేను ఈత చెట్లు, కాస్త ఎడంగా రెండు తాటి చెట్లు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, చేతిలో గీత కత్తితో గౌడన్న అప్పటికే సగం చెట్లు దిగాడు. యాభై ఏళ్లు పైబడిన మనిషి. బ్యాంకు మిత్రుణ్ని గుర్తుపట్టి, "ఏం తమ్మీ, పట్నం దోస్తులను తోలుకొచ్చినవా?" అన్నాడు. గీత కార్మికుల సొసైటీలకు టీసీఎస్ అనీ, విడిగా చెట్టు పట్టా ఉన్నవాళ్లకు టీఎఫ్‌టీ అనీ రెండు రకాల లైసెన్సులున్నాయి. ఈయనది రెండోది.

ఈత చెట్టును దగ్గర నుంచి చూడని వాళ్లకు దాని మొద్దు వింతగా ఉంటుంది. తాటికి గెలను గీస్తారు. ఈతకు మాత్రం మొవ్వు కింద మొద్దునే చెక్కి, ఆ గాటు నుంచి కారే నీటిని లొట్టిలోకి పట్టాలి. ఈ ఏడు ఒక పక్క చెక్కితే, వచ్చే ఏడు దానికి ఎదురు పక్క. చెట్టు ఎదిగే కొద్దీ గాట్లు ఒకదాని మీద ఒకటి, అటూ ఇటూ, మెట్లలా పేరుకుంటాయి. వాటిని లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. గౌడన్న ఒక చెట్టుకు చేయి ఆనించి కింది నుంచి పైకి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. "మా నాయిన పెట్టినయి మొదటి ఆరు. కడుమయి నావి," అన్నాడు.

చెట్టును రోజూ గీయకూడదట. కొన్నాళ్లు గీస్తే కొన్నాళ్లు ఆరనివ్వాలి, లేకుంటే మొవ్వు ఎండుతుంది. బెంగాల్‌లో ఇదే చెట్టును ఇదే పద్ధతిలో చెక్కి, ఆ రసాన్ని కాచి నోలెన్ గుర్ అనే బెల్లం చేస్తారు. అక్కడ అది చలికాలపు మిఠాయి, ఇక్కడ చలికాలపు కల్లు.

సాఫ్ట్‌వేర్ మిత్రుడి అసలు ప్రశ్న ఇప్పుడొచ్చింది. ఇందులో ఈస్ట్ ఎప్పుడు కలుపుతారు? కలపరు. కెమిస్ట్రీ మాస్టారి పాఠం గట్టు మీదే మొదలైంది. బీరు కాయాలంటే బార్లీని నానబెట్టి మొలకెత్తించాలి, అందులోని పిండిని చక్కెరగా మార్చాలి, హాప్స్ వేసి మరిగించాలి, చల్లార్చి ఈస్ట్ వేసి రోజుల తరబడి ఆగాలి. చెట్టు ఆ పనులన్నీ ఎగ్గొట్టి నేరుగా చక్కెర నీళ్లే ఇస్తుంది. గాలిలో, గాటు మీద, నిన్నటి లొట్టి గోడలకు అంటుకుని ఉన్న ఈస్టు, బాక్టీరియా మొదటి చుక్క పడినప్పటి నుంచే పనిలో దిగుతాయి. అందుకే పొద్దటి కల్లు తియ్యన, మాపటిది ఘాటు, మర్నాటిది పులుపు, ఆపైన వెనిగర్. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ అనే బీరుకూ ఈస్ట్ కలపరు. రాత్రంతా గాలికి తెరిచి పెడతారు. దానికి ప్రపంచమంతా పేరు.

"అయితే ఇది ఈత లాంబిక్," అన్నాడు సాఫ్ట్‌వేర్ మిత్రుడు.

గౌడన్నకు ఆ మాట అక్కర్లేకపోయింది. పక్కనున్న తాటి కమ్మ ఒకటి కోసి, మడిచి రేక చేసి, లొట్టి వంచాడు. పాల తెలుపు కంటే కాస్త పలచన, పైన సన్నటి నురగ. మొదటి గుక్కలో తీపి, తర్వాత నాలుక చివర చిన్న చురుకు, చివర్లో మంచు తడిసిన ఆకు వాసన. రేక అంచు నుంచి కొంత గడ్డం మీదికి కారింది. మాస్టారి కోసం గౌడన్న సున్నం పూసిన వేరే లొట్టి తీశాడు. సున్నం పులియనివ్వదు కాబట్టి అందులో పడింది కల్లు కాదు, నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్‌లో గ్లాసుల్లో పోసేది ఇదే రకం పానీయం. మాస్టారు రెండు రేకలు తాగి మూడోది అడిగాడు.

పక్కనున్న తాటి చెట్టు చూపిస్తే గౌడన్న నవ్వు తగ్గింది. ఈత మీది నుంచి జారితే కాలో చెయ్యో విరుగుతుంది, తాటి మీది నుంచి జారితే మనిషి మిగలడు. గీత కార్మికుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలైలో "కాటమయ్య రక్షక కవచం" పేరుతో తాళ్లు, కొక్కేలు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడ్ల కులదైవం. చెట్టెక్కే ముందు ఆయనకు మొక్కడం పాత అలవాటు, ఇప్పుడు ఆ పేరు నడుముకే చుట్టుకుంది.

మరి ఊళ్లలో సీసాల్లో అమ్మే కల్లంతా ఇలాంటి చెట్లదేనా? ఆ ప్రశ్నకు గౌడన్న చుట్టూ ఉన్న చెట్లను చూపించాడు. "గిన్ని చెట్లకు గంత కల్లు యాడికెళ్లి వస్తది, మీరే చెప్పుండ్రి."

ఆ జవాబు వెనుక ఈ ప్రాంతపు చేదు చరిత్ర ఉంది. చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. తాగేవాళ్లు పెరిగి చెట్లు తరిగిన చోట కల్లు డిపోల్లో నీళ్లు, చక్కెర, శాక్రిన్ చేరాయి. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం దిగాయి. రోజూ అది తాగిన మనిషికి అలవాటయ్యేది కల్లు కాదు, ఆ మందు. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ జనం ఆసుపత్రులకు చేరారు. 2025 ఏప్రిల్‌లో బాన్సువాడ పక్కనే ఉన్న నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల ఊళ్లలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో మనుషులు పడిపోయారు. మెడలు వంకర్లు తిరిగి, నాలుకలు మడతపడి బాన్సువాడ ఆసుపత్రికి వచ్చారు. గట్టు మీది రేకకూ, ఆ డిపో సీసాకూ పేరొక్కటే కలుస్తుంది.

అక్కడి నుంచి బోధన్ వెళ్లేసరికి పదకొండయింది. బౌద్ధ గ్రంథాలు చెప్పే పదహారు మహాజనపదాల్లో దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన ఈ బోధనేనని చరిత్రకారులు చెప్తారు. కానీ ఆ ఆదివారం మమ్మల్ని లాగింది శక్కర్‌నగర్. నిజాంసాగర్ నీళ్లు పారిన నేలలో చెరకు పండింది, ఆ చెరకు కోసం 1937లో ఇక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. సొంత చెరకు తోటలు, కార్మికుల ఇళ్లు, ఆసుపత్రి, బడి, అన్నీ దాని చుట్టే. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ నుంచి పవర్ ఆల్కహాల్ తయారు చేసిన ఫ్యాక్టరీ కూడా ఇక్కడే నడిచింది. ఆ లెక్కన మంజీర ఒడ్డున చెట్టు రాత్రికి రాత్రి చేసే పనినే ఇక్కడ బాయిలర్లు, గొట్టాలు పెట్టి చేశారు. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో గేటుకు తాళం పడింది.

గేటు బయటి నుంచే చూడాలి. తుప్పు రంగు షెడ్లు, నిలువునా ఆగిపోయిన పొగ గొట్టం. గేటు ఎదుట చాయ్ కొట్టు ముసలాయన, "సైరన్ మోగితే ఊరంత గడియారం సరిచేసుకుంటుండె," అని మాత్రం అని, గ్లాసులు కడుక్కునే పనిలో పడ్డాడు. చెరకు పోయిన మళ్లలో ఇప్పుడంతా వరే.

తిరుగు ప్రయాణంలో సాఫ్ట్‌వేర్ మిత్రుడి ఒళ్లో లీటరు సీసా ఉంది. ఆఫీసులో స్నేహితులకు రుచి చూపిస్తానని పొద్దున గౌడన్నను బతిమాలి నింపించుకున్నాడు. "మూత బిర్ర పెట్టకుండ్రి, సారూ," అని గౌడన్న రెండుసార్లు చెప్పాడు. ఎల్లారెడ్డి దగ్గర గుంతల్లో ఒలుకుతోందని మిత్రుడు మూత బిగించాడు. మెదక్ దాటేసరికి సీసా పక్కలు ఉబ్బాయి. నర్సాపూర్ అడవి మలుపులో మూత పైకప్పుకు తగిలి వెనక సీట్లో పడింది. మిగిలిన సగం కల్లును మాస్టారు వాసన చూసి, ఇంకో రెండు రోజులుంటే పచ్చడికి పనికొస్తుందన్నాడు. నలుగురం కిటికీలు దించుకుని, తడిసిన చొక్కాలతో, పుల్లటి వాసన మోసుకుంటూ బాలానగర్ ట్రాఫిక్‌లోకి వచ్చి పడ్డాం. పక్క బైకు మీది కుర్రాడు సిగ్నల్ దగ్గర ముక్కు ఎగబీల్చి, మా కారు వైపూ స్టీరింగ్ పట్టుకున్న మాస్టారి వైపూ మార్చి మార్చి చూశాడు.