ముగ్గురు చూసినారంట

మాది కోసిగి. మెట్ట చేను ఉంది, వాన లేదు. సంక్రాంతి దాటితే సుగ్గికి పోతాం, గుంటూరు పక్క మిరపకాయలు తెంపను. ఆ ఏడు పాపకు ఎనిమిదేండ్లు. బడి పోగొట్టొద్దని అవ్వ దగ్గర విడిచినాం. అవ్వకు చూపు ఆనదు. తెలిసే విడిచినా.

సోమవారం సాయంత్రం పక్కింటి పిల్లోడు ఫోన్ చేసినాడు. "పాప మీ తావుకు వచ్చిందా అక్కా?" నాకు కాళ్లు ఆడలేదు. ఫోన్లోనే అత్తను తిట్టినా. ముసలామె ఏడుస్తా ఉన్నా ఆపలేదు. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ ఆమె ముందు తలెత్తలేను.

కూలి లెక్క ఇంకా తేలలేదు. బస్సు చార్జీలకు లేవు. పక్క గుడిసెలో ఉండే పెద్దకడుబూరు ఆమె పదిహేనొందలు చేతిలో పెట్టింది. రాత్రంతా కర్నూలు బస్సులో మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇద్దరి భయం ఒకటే. దాన్ని నోట పలకను ధైర్యం చాలలేదు.

మంగళవారం తెల్లవారి ఫోన్ వచ్చింది. పాప దొరికింది. మా దగ్గరికే రావాలని రైలెక్కిందంట. అది రాయచూరు పోయే బండి. మంత్రాలయం రోడ్డు స్టేషన్లో జనమంతా దిగితే తానూ దిగింది. వాళ్లు స్వామి దర్శనానికి ఆటోలెక్కి పోయినారు. పాప బెంచీ మీద మిగిలింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఆమె రెండు బండ్లు పోయేదాకా చూసి, "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగింది. రైల్వే పోలీసుకు చెప్పి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించింది. వాళ్లు వచ్చేదాకా బేరం మానుకొని పక్కనే కూర్చునింది. పాప భయానికి రాత్రి దాకా ఊరి పేరు చెప్పలేదంట.

అదే రోజు కర్నూలులో బాలల సంక్షేమ సమితి ముందు నిలబడినాం. దొరికిన బిడ్డను 24 గంటల్లో వాళ్లకు చూపాలని చట్టమంట. ఆధార్ అడిగినారు. ఎందుకు విడిచి పోయినారని అడిగినారు. నా దగ్గర జవాబు లేదు. పాప నా దగ్గరికి రాలేదు. వాళ్ల నాయన దగ్గరికి పోయింది.

బుధవారం ఊరికి వచ్చినాక తెలిసింది. పాప స్టేషన్ దారిన పోతుంటే ముగ్గురు చూసినారంట. సంచి ఉంది కదా, బడికేమో అనుకున్నారు. నేనైనా అట్లే అనుకునేదాన్ని. సుగ్గికి పోతున్నామని బడిలో సారుకు కూడా మేం చెప్పలేదు, తిడతాడని. చెప్పింటే, పాప రాని పూట ఇంటికి మనిషిని పంపేటోడు.

మరుసటేడు సారుకు, అంగన్‌వాడీ ఆమెకు, పక్కింటోళ్లకు నంబర్లు రాసిచ్చి పోయినాం. మీరూ చెప్పి పోండి. పిల్ల ఒంటరిగా కనబడితే ఎవరి బిడ్డవని అడగండి. 1098కి చేస్తే డబ్బులు పడవు.